పుక్కిలించిన కొలత

ఆ ఇంట్లో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ అతను గజంబద్దే. ఆ పేరు పెట్టింది వదిన. ఆమె కాపురానికి వచ్చేనాటికి అతనికి పన్నెండేళ్లు. మంచం పొడవు, తలుపు వెడల్పు, పిల్లి తోక, ఏది కనిపిస్తే అది కొలుస్తూ తిరిగేవాడు. "నన్ను కూడా కొలిచే ఇంట్లోకి తెచ్చుకున్నారా మరిదీ?" అని ఆమె నవ్వి, ఆ పూటే గజంబద్ద అంది. అది అతుక్కుపోయింది. కొందరికి చిన్ననాటి చాదస్తం పెద్దయ్యాక వదులుతుంది. ఇతనికి అదే జీతమైంది.

అతను పనిచేసేది కొనుగోలుదారుల పత్రికలో. ప్రకటనల్లో కంపెనీలు చెప్పే మాటలు నిజమా కాదా అని కొలిచి రాయడం అతని పని. కొలతకు నిలిచిన సరుకు మీద పత్రిక గుండ్రటి ముద్ర వేస్తుంది, 'మాట నిలబెట్టుకుంది' అని. పత్రిక ఎవరి ప్రకటనలూ వేసుకోదు, ఎవరి బహుమతులూ పుచ్చుకోదు. అందుకని ఆ ముద్రంటే జనానికి నమ్మకం. ఆ నమ్మకం తన భుజాల మీదే నడుస్తోందని గజంబద్దకు కొంచెం గర్వం కూడా ఉంది. కొంచెమేమిటి, బాగానే ఉంది.

ఆ ఏడాది మార్కెట్లోకి కొత్త ఇంటర్నెట్ సర్వీసు ఒకటి వచ్చింది. అరచేతంత తెల్ల డబ్బా, అందులో ఒక సిమ్ కార్డు. తీగ లాగక్కర్లేదు, గోడకు కన్నం పెట్టక్కర్లేదు. ప్లగ్గులో పెడితే ఇల్లంతా ఇంటర్నెట్. ప్రకటనలో ఒక పిల్ల అలా రెప్ప వేసి ఇలా తీసేసరికి ఎక్కడో ఉన్న నాన్నమ్మ తెర మీద ప్రత్యక్షమవుతుంది. 'రెప్పపాటులో మీ ముందు' అని కింద పెద్ద అక్షరాలు. కూడళ్లలో, బస్సుల మీద, చివరికి మందుల షాపు సంచుల మీద కూడా ఆ పిల్లే.

ఇలాంటి ప్రగల్భాలంటే గజంబద్దకు పండుగే. డబ్బా తీసుకుని మూడు వారాలు తిరిగాడు. నలభై చోట్ల పెట్టి చూశాడు. మేడ మీద, నేలమాళిగలో, రేకుల షెడ్డులో, లిఫ్టు పక్క గదిలో. ఒక్కో చోట ఆరుసార్లు కొలిచాడు. అడిగినది ఎన్ని సెకన్లలో వచ్చింది, ఎంత వేగంగా వచ్చింది అని. ఆరింటిలో మొదటిది కొట్టేసి, మిగతా అయిదింటి సగటు తీశాడు.

మొదటిది కొట్టేయడం ఆ ఆఫీసు ఆనవాయితీ. దాన్ని వాళ్లు పుక్కిలింత అంటారు. పని నేర్పిన పెద్దాయన పెట్టిన పేరది. ఆయన కాలంలో మీటర్లు వేడెక్కితే గాని సరిగ్గా చూపేవి కావు. "పాచి నోటితో మాట్లాడేవాడి మాట, వేడెక్కని యంత్రం మాట, రెండూ ఒకటే. పుక్కిలించి ఉమ్మేయి" అనేవాడు. పెద్దాయన పోయాడు. మీటర్లు నాలుగు తరాలు మారాయి. ఇప్పటి వాటికి వేడెక్కే పనే లేదు. అయినా చిట్టాలో మొదటి గడి మీద ఎర్ర గీత కొట్టడం మాత్రం ఆగలేదు. అందులో ఏ అంకె ఉందో చదివే అలవాటు ఎవరికీ లేదు. ఉమ్మేసిన నీళ్లను ఎవరు చూసుకుంటారు?

మిగిలిన అయిదు కొలతలూ అదిరిపోయాయి. అర సెకను కూడా పట్టలేదు. 'ఈసారికి ప్రకటన నిజం చెప్పింది' అని గజంబద్ద ధారాళంగా రాశాడు. ముద్ర పడింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే వదినకు ఉద్యోగం వచ్చింది. నలభై ఆరేళ్లకు తొలి ఉద్యోగం. ఒంటరిగా బతికే పెద్దవాళ్ల మెడలో ఒక మీట వేలాడుతూ ఉంటుంది. కాలు జారినా, గుండె దడగా ఉన్నా అది నొక్కితే చాలు, ఒక గొంతు పలుకుతుంది. ఆ గొంతు వదినది. ఇంట్లోనే కిటికీ పక్కన బల్ల, కంప్యూటరు, చెవులకు హెడ్‌ఫోన్. తెర మీద పిలుపు రాగానే నొక్కి "చెప్పండి, నేను వింటున్నాను" అనాలి. పది సెకన్లు దాటకూడదు. దాటితే లెక్కలోకి వస్తుంది. మూడు నెలల పరీక్షా కాలంలో అలాంటివి మరీ ఎక్కువైతే ఇంటికే. ఉన్నది ఇంట్లోనే కాబట్టి ఎక్కడికి పంపుతారని ఆమె హాస్యమాడింది.

"ఏ కనెక్షన్ పెట్టుకోమంటావు గజంబద్దా?" అని అతన్నే అడిగింది.

"కళ్లు మూసుకుని ఆ తెల్ల డబ్బా పెట్టుకో వదినా. నేను కొలిచాను" అన్నాడు.

ఆమె పాత తీగ తీయించేసింది.

మొదటి వారంలోనే మందలింపు వచ్చింది. పదమూడు సెకన్లు, పన్నెండు సెకన్లు, మళ్లీ పదమూడు. వదిన బిత్తరపోయింది. తెర మీద పిలుపు కనబడిన తక్షణం నొక్కినట్టే ఆమెకు గుర్తు. ఆఫీసు లెక్కలో మాత్రం పిలుపు పంపిన క్షణానికీ, ఆమె నొక్కిన క్షణానికీ మధ్య పదమూడు సెకన్ల ఎడం ఉంది. ఆ పదమూడు సెకన్లు ఏమయ్యాయో ఆమెకు తెలియదు.

ఇంకెవరైనా అయితే కంప్యూటరును నాలుగు తిట్టి ఊరుకునేవారు. వదిన ఊరుకోలేకపోయింది. ఆమె తల్లికి మతిమరుపు జబ్బు యాభై దాటకముందే మొదలైంది. మొదట్లో ఆవిడ ఏదీ మరిచిపోలేదు. మాట మధ్యలో కాసేపు ఆగిపోయేది, అంతే. ఆగానని ఆవిడకు తెలిసేది కాదు. ఆఖరికి కూతురిని పట్టుకుని "ఎవరమ్మా నువ్వు, ఎవరి తాలూకు?" అని అడిగింది. ఆరేళ్లు ఆవిడకు సేవ చేసింది వదినే. ఆ ఆరేళ్లు ఆమె తలలోంచి ఎప్పుడూ పోలేదు.

రెండో మందలింపు వచ్చాక వదిన ఫోన్ చేస్తే గజంబద్ద మీటరు పెట్టె పట్టుకుని మధ్యాహ్నం వచ్చాడు. అన్న బస్సు డిపోకు డ్యూటీకి వెళ్లాడు. వదిన షిఫ్టు మొదలు కావడానికి గంట టైముంది. ఆమె మొహం పీక్కుపోయి ఉంది.

"ఇదిగో చూడు, ఎలా అవుతోందంటే" అని ఆమె మొదలుపెట్టింది.

"ఉండు వదినా, ముందు కొలవనీ."

"కాదు, నేను చెప్పేది విను. పిలుపుల మధ్య చాలాసేపు ఖాళీ వచ్చినప్పుడే..."

"ఒక్క అయిదు నిమిషాలు. మాటలెందుకు, మీటరే చెబుతుంది కదా."

ఆమె నోరు మూసుకుంది. ముంజేతులు ఒళ్లో పెట్టుకుని, డాక్టరు ముందు కూర్చున్న రోగిలా కూర్చుంది. అతను ఆరుసార్లు కొలిచాడు. చిట్టా తీశాడు. మొదటి గడి మీద గీత కొట్టాడు. మిగతా అయిదూ చూపించాడు.

"చూశావా? అర సెకను లోపే. లైను బంగారంలా ఉంది."

"అయితే లైను కాదంటావా?"

"నా కొలత అబద్ధం చెప్పదు వదినా."

"మరి నేనే ఆగిపోతున్నానా?"

అతనికి ఆ మాటలో ఏముందో అర్థమైంది. అర్థమైంది కాబట్టే భయం వేసింది. భయం వేసింది కాబట్టి నవ్వేశాడు. "కొత్త పని కదా, కాస్త అలసట. రెండు రోజులు కంటినిండా నిద్రపో" అన్నాడు. అలసట అనే మాట డాక్టర్లు కూడా మొదట్లో అలాగే వాడతారని వదినకు తెలుసు. ఆమె అమ్మ విషయంలో మూడేళ్లు వాడారు.

"మొన్న ఒక ముసలాయన" అంది ఆమె, కిటికీ వైపు చూస్తూ. "స్నానాల గదిలో పడ్డాడు. నేను పలికేసరికి, ఉన్నారా అమ్మా, ఎవరూ లేరనుకున్నాను అన్నాడు. గొంతు వణికిపోతోంది. పదమూడు సెకన్లు ఆయన ఆ తడి నేల మీద ఎవరూ లేరనుకున్నాడు. ఆ సేపు నేనెక్కడున్నాను?"

గజంబద్ద మీటరు పెట్టె మూసి తీసుకెళ్లిపోయాడు.

ఆ తర్వాత నెల రోజుల్లో ఆ ఇల్లు మారిపోయింది. ఆ సంగతి అన్న ఫోన్‌లో చెప్పాడు. అన్న బస్సు నడుపుతాడు. మాటలు తక్కువ మనిషి. అతను తనంతట తాను ఫోన్ చేశాడంటేనే ఏదో మునిగిందని లెక్క.

"స్కూటరు తాళాలు నాకిచ్చేసింది" అన్నాడు. "ఇక తోలదట. స్టవ్ దగ్గర చీటీ అంటించింది, ఆపానా అని. తలుపు దగ్గర ఇంకోటి. నిన్న నా ఫోన్ నంబరు తన జాకెట్టు లోపల రాసుకుంటోంది. దేనికే అంటే, దారి తప్పితే ఎవరైనా నీకు చెబుతారు అంది. ఒరేయ్, నాకు తిండి సయించడం లేదు."

"డాక్టరుకు చూపించావా?"

"రానంటోంది. జబ్బుకు పేరు పెట్టించుకోవడం దేనికి, నాకు తెలుసుగా అంటోంది."

గజంబద్దకు ఆ రోజు పని సాగలేదు. అయినా తన చిట్టా మీద అతనికి వీసమెత్తు అనుమానం రాలేదు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం కాదతను. నాలుగో కాలు కనబడితే ఒప్పుకునే మనిషే. కానీ ఆ నాలుగో కాలు మీద రోజూ గీత కొట్టేది తనేనని అతనికి తెలియదు.

మంగళవారం ఉదయం ఎడిటరమ్మ పిలిచింది. వక్కపలుకులా గట్టి మనిషి, ఆమెకు ఎవరి మీదా కోపం ఉండదు, జాలీ ఉండదు.

"డబ్బా కంపెనీవాళ్లు మన చిట్టా మొత్తం అడుగుతున్నారు. షాపుల్లో అద్దాల పటం కట్టి పెట్టుకుంటారట. గీతలూ గిలుకుళ్లూ లేకుండా శుభ్రంగా టైపు చేసి ఇవ్వు."

అతను బల్ల దగ్గర కూర్చుని టైపు చేయడం మొదలుపెట్టాడు. గీతలు లేకుండా అంటే మొదటి గడి కూడా నింపాలి. ఎర్ర గీత కింద అంకెను కళ్లు చికిలించి చదివి కొట్టాడు. పదకొండు సెకన్లు. పొరపాటు చదివాననుకుని రెండోది చూశాడు. పదమూడు. మూడోది తొమ్మిది. నాలుగోది పద్నాలుగు. అతని వేళ్లు ఆగిపోయాయి. తర్వాత టైపు చేయలేదు, వరసగా చదువుకుంటూ పోయాడు. నలభై చోట్లలో ముప్పై ఏడు చోట్ల మొదటి కొలత తొమ్మిది సెకన్లకు పైనే ఉంది.

బీరువాలోంచి డబ్బా తీసి ప్లగ్గులో పెట్టాడు. అయిదు నిమిషాలు ముట్టుకోకుండా వదిలి, అప్పుడు అడిగాడు. పన్నెండు సెకన్లు. వెంటనే మళ్లీ అడిగాడు. రెప్పపాటు. మళ్లీ అయిదు నిమిషాలు ఆగి అడిగాడు. పదమూడు. విషయం తేటతెల్లమైంది. ఎవరూ వాడకుండా కాసేపు ఉంటే టవరు ఆ డబ్బాను వదిలేస్తోంది. మళ్లీ పట్టుకోవడానికి పన్నెండో పదమూడో సెకన్లు. ఒకసారి పట్టుకున్నాక పరుగే పరుగు. కొత్త అల్లుడిలా, లేపడమే కష్టం, లేచాక ఇల్లంతా తనదే. సినిమాలు చూసేవాడికి ఆ మొదటి ఆలస్యం లెక్కలోనిది కాదు. అరగంటకోసారి వచ్చే పిలుపు కోసం కాచుకుని కూర్చున్న మనిషికి ప్రతి పిలుపూ మొదటిదే. పిలుపు డబ్బా దగ్గరే ఆగిపోయి, పదమూడు సెకన్ల తర్వాత తెర మీదికి వస్తోంది. వదిన వచ్చిన తక్షణమే నొక్కుతోంది.

ఆ రోజు వదిన ఇంట్లో తీసిన చిట్టా వెతికాడు. మొదటి గడిలో గీత కింద పన్నెండు ఉంది. ఆ అంకె ఆ రోజు మీటరు మీద తన కళ్ల ముందే వెలిగింది. తన చేత్తోనే చిట్టాలోకి ఎక్కించాడు. ఎక్కించి, ఉమ్మేశాడు.

ఎడిటరమ్మకు చెప్పకుండానే బయలుదేరాడు.

అతను వెళ్లేసరికి వదిన బల్ల దగ్గర లేదు. మంచం మీద అటు తిరిగి పడుకుని ఉంది. హెడ్‌ఫోన్ తీగ చుట్టి అట్టపెట్టెలో పెట్టి ఉంది. పొద్దున్నే ఉద్యోగంలోంచి తీసేశారని, సెలవు పెట్టి ఇంట్లో ఉన్న అన్న మెల్లగా చెప్పాడు.

"వదినా, లే. నువ్వు ఆగిపోలేదు. ఒక్క సెకను కూడా ఆగిపోలేదు."

ఆమె లేచి కూర్చుంది. అతను చిట్టా మంచం మీద పరిచి మొత్తం చెప్పాడు. పుక్కిలింత సంగతి, పెద్దాయన సంగతి, ఆ రోజు గీత కింద ఉన్న పన్నెండు సంగతి. ఏదీ దాచలేదు. ఆమె ఒక్కో అంకె మీదా వేలు పెట్టి చదువుతూ వెళ్లింది. సగం దూరం వచ్చాక వేలు ఆగింది.

"అమ్మకు వచ్చింది నాకు రాలేదా?"

"రాలేదు వదినా."

వదిన ఏడవలేదు. గబగబా ఫోన్ తీసి సూపర్‌వైజరుకు కలిపి, అందరికీ వినబడేలా పెట్టి మరిది చేతికిచ్చింది. "చెప్పు" అంది.

అతను చెప్పాడు. అవతల ఆవిడ ఓపిగ్గా విన్నది.

"సార్, మీరు చెప్పేది నిజమే కావచ్చు. కానీ మా దగ్గర రెండు కాగితాలున్నాయి. ఒకటి కంప్యూటరు లెక్క, రెండోది మీ పత్రిక ముద్ర. మేడమ్ మొదట్లోనే లైను మీద ఫిర్యాదు చేశారు. మీ ముద్ర చూపించే కదా కొట్టేశాం! ఆ డబ్బా పెట్టుకున్నవాళ్లలో మొత్తం తొమ్మిదిమందిని నిదానం అని పంపేశాం ఈ మూడు నెలల్లో."

"తొమ్మిదిమందా?"

"అందరూ లైనుదే తప్పన్నారు సార్. అందరికీ మీ కాగితమే చూపించాం."

వదిన ముందుకు వంగింది. "ఉద్యోగం మాట తర్వాత. నా పేరు పక్కన నిదానం అని రాశారు. అది కొట్టేయండి."

"పత్రిక ముద్ర వెనక్కి తీసుకుంటే కొట్టేస్తామండీ. అప్పటిదాకా నా చేతిలో లేదు."

గజంబద్ద అక్కడే నిలబడి ఎడిటరమ్మకు ఫోన్ చేశాడు. ఆమె అంతా విన్నది. ఆఖరి పేజీలో చిన్న సవరణ వేద్దామంది. చాలదన్నాడు. మొదటి పేజీలో మొత్తం రాస్తాను, పుక్కిలింతతో సహా రాస్తాను అన్నాడు.

"రాస్తే పదేళ్లుగా నువ్వు కొలిచినవన్నీ అనుమానంలో పడతాయి, తెలుసా? అన్నిట్లోనూ మొదటిది కొట్టేశావు."

"తెలుసు మేడమ్."

"తర్వాత ఇక్కడ నీకు కుర్చీ ఉంటుందని మాటివ్వలేను."

"ఇవ్వొద్దు. ముద్ర మాత్రం ఈ రోజే తీసేయండి."

ఫోన్ పెట్టేశాడు. చేయగలిగింది చేశానని అతని గుండె కొంచెం తేలికపడింది. వదిన తల నిమురుతుందనో, పోనీలే గజంబద్దా అంటుందనో అతను లోలోపల ఎదురుచూశాడు. చిన్నప్పుడు కిటికీ అద్దం పగలగొట్టినా ఆమె అలాగే అనేది.

"నన్ను క్షమించు వదినా" అన్నాడు.

ఆమె చాలాసేపు అతని మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం కన్నా అలసట ఎక్కువగా ఉంది.

"నెల రోజులు నేను అమ్మనైపోయానురా. అద్దంలో చూసుకుంటే ఆవిడే కనబడేది" అంది. "ఆ రోజు నువ్వు ఇక్కడే కూర్చున్నావు. ఆ డబ్బాను ఆరుసార్లు అడిగావు. నన్ను ఒక్కసారి కూడా అడగలేదు."

గజంబద్ద తల వంచుకున్నాడు.